డబ్బాదే తప్పు

"ఇగో, నువ్వు ఏరికోరి కొనిపిచ్చిన డబ్బ. దుకాణంల వాపస్ ఇచ్చి వేరేది తీసుకరా" అంటూ రఘుపతి జీపీఎస్ యంత్రాన్ని టీ కప్పుల మధ్య ఠప్పున పెట్టాడు.

సోమవారం సాయంత్రం. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర టీ హోటల్లో సైకిల్ క్లబ్బు వాళ్లు ఆరుగురు కూర్చున్నారు. ఆరుగురూ డానియల్ వైపే చూస్తున్నారు.

"ఏమైందన్నా దానికి?"

"ఏమైతది? నిన్న రామన్నపేట దాటిచ్చి వలిగొండ దిక్కు పట్టుకపోయింది. మీ ఇంటి తొవ్వే చూపెట్టలే."

"మా ఇంటి ముంగట నిలబడి నేనే డబ్బల నిశాని పెట్టిన గదన్నా."

"పెడితే చూపెట్టాలె గద! గంటసేపు ఎండల తిప్పింది మమ్ముల. బాణం గుర్తు చూపెట్టే సాదా డబ్బ చాలని నేను మొదలే చెప్పిన. నువ్వే ఇనకపోతివి."

"పోనీ తియ్యన్నా, తెల్వక కొన్నడు" అన్నాడు శివకుమార్, టీ కప్పులోకే చూస్తూ. క్లబ్బులో డానియల్‌కు దగ్గరి స్నేహితుడు అతనే.

డానియల్ తల దించుకున్నాడు. ఎంపిక తనదే, కాదనడానికి లేదు. ఓపిగ్గా అన్నీ చదివేవాడని క్లబ్బు ఆ పని అతనికే అప్పగించింది. ఎండలో తెర కనపడుతుందా, చెమట చేతులతో నొక్కితే పనిచేస్తుందా, సిగ్నల్ లేని ఊళ్లలో పటం ఉంటుందా అని మూడు వారాలు రెండు రకాల డబ్బాలను పోల్చి చూశాడు. "ఇదైతే పోయిన తొవ్వంత రాసిపెట్టుకుంటదన్నా, ఎన్నడన్న చూసుకోవచ్చు" అని వాదించి మరీ ఖరీదైనదాన్నే కొనిపించాడు. మహా తెలివైన పని చేశాననుకున్నాడు.

ప్రతి ఆదివారం రైడు ఎవరో ఒకరి ఇంటి దగ్గర ఆగుతుంది, టిఫిన్ అక్కడే. అందరి ఇళ్లూ అయిపోయాయి. నిన్న రామన్నపేటలోని డానియల్ ఇంటి వంతు. అతని భార్య గ్లోరీ చర్చి మానుకొని సర్వపిండి చేసింది. కొత్త స్టీలు ప్లేట్లు కొన్నది. డానియల్ రైడుకు వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎంతకీ రాకపోతే ఫోన్ చేశాడు. "తొవ్వ తప్పినం తమ్మీ, వలిగొండ కాడున్నం. ఇగ ఇట్నుంచి ఇటే పోతం" అన్నాడు రఘుపతి.

గ్లోరీ సర్వపిండిని ఇరుగుపొరుగుకు పంచేసింది. పంచి వచ్చి అడిగింది. "గ్యాసాయినకు దొరుకుతది మనిల్లు. పాలాయినకు దొరుకుతది. నీ దోస్తులకే దొరకదా?"

"నీకు అందరి మీద అనుమానమే" అని డానియల్ ఆమె మీద గయ్యిమన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు డబ్బా చేతిలోకి తీసుకొని లేచాడు. "తప్పు నాదేనన్నా. ఇప్పుడే మార్చుకొస్త. వచ్చే ఐతారం మాత్రం మళ్ల మా ఇంటికే రావాలె."

శివకుమార్ టీ డబ్బులు లెక్కపెట్టసాగాడు.

"ముందుగాల డబ్బ సంగతి చూడు" అన్నాడు రఘుపతి.

సైకిళ్ల దుకాణం రెండు గల్లీల అవతలే ఉంది. యజమాని విజేందర్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొని పది దినాలు కూడ కాలే. మారుస్త సార్. గని లోపమేందో కంపెనీకి రాయాలె. నిన్నటి రైడు జర తెరిచి చూద్దాం."

మీట నొక్కాడు. పటం మీద ఎర్రగీత వచ్చింది.

"నల్గొండ, నార్కట్‌పల్లి, చిట్యాల, రామన్నపేట... మంచిగనే పోయిండ్రు గద సార్. ఏడ తప్పింది?"

"వలిగొండ దిక్కు పోయిండ్రు, చూడు."

"వలిగొండ దిక్కు గీతనే లేదు సార్." విజేందర్ పటాన్ని పెద్దది చేశాడు. "ఇగో, రామన్నపేట ఊళ్లెకే వచ్చిండ్రు. గీ ఎరువుల దుకాణం మూలమీద ఆగిండ్రు. ఎనిమిదీ అయిదుకు ఆగితే, ఇరవై రెండు నిమిషాలు గాడనే ఉన్నరు. మళ్ల ఎనుకకు మళ్లిండ్రు. చిట్యాలల ఏదో హోటల్ కాడ నలభై నిమిషాలు. గంతే."

డానియల్ జేబులోంచి ఫోన్ తీశాడు. నిన్న రఘుపతికి తాను చేసిన కాల్ కోసం వెతికాడు. ఎనిమిదీ పదహారు.

"గా మూలమీద ఏముంది సార్? ఎందుకు ఆగినట్టు?"

"మూల తిరిగితె మా వాడ. అయిదో ఇల్లు మాది."

విజేందర్ వేలు తెర మీదే ఆగిపోయింది.

డానియల్‌కు లెక్క తేలింది. గుమ్మంలో నిలబడి తాను ఫోన్ చేస్తుంటే వాళ్లు ఐదిళ్ల అవతల నిలబడి ఎత్తారు. గ్లోరీ మీద అరిచిన మాట గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

ఫోన్ మోగింది. రఘుపతి.

"ఏమాయె తమ్మీ? దుకాణపాయన ఒప్పుకున్నడా?"

డానియల్ ఎర్రగీత వైపు చూశాడు. శివకుమార్ గొంతు, ఇంకెవరిదో నవ్వు వెనక నుంచి వినిపిస్తున్నాయి.

"ఒప్పుకున్నడన్నా. మీరన్నదే కరెక్టు. డబ్బదే తప్పు."

విజేందర్ అతని ముఖంలోకి చూడకుండా అల్మారాలోంచి రెండు కొత్త డబ్బాలు తీసి ముందు పెట్టాడు. "మరి ఏదియ్యమంటరు సార్?"

డానియల్ రెండింటినీ పక్కకు జరిపాడు.

"పోయిన తొవ్వ యాదిపెట్టుకోనిది ఏదన్న ఉంటె, అదియ్యి."