చెరువులో చుక్కలు

ఇళ్లన్నీ చెరువులో పడ్డాయి.

మందులు పంచే ఒక సంస్థ పంపిన జేసన్ రకం డేటా ఫైలు అది. ఏ ఇంటికి ఏ మందు వెళ్లాలో అందులో ఉంది. తీరా మ్యాపుల ఆఫీసులో ఆమె దాన్ని మ్యాపు మీదకు ఎక్కించి చూస్తే, ఒక్క ఇల్లూ నేల మీద లేదు. నీలిరంగు నీళ్లలో ఎర్ర చుక్కలు మాత్రం తేలుతున్నాయి.

“కావాలనే జరిపారేమో. చెరువులో ఉంటే ఉండనీ, నీకెందుకు?” అన్నాడు సెక్షన్ పెద్దాయన, కళ్లజోడు తుడుచుకుంటూ. ఆయన దేనికైనా ‘నీకెందుకు’ అనే అంటాడు.

ఆమెకు ఒళ్లు మండింది. తప్పును చూస్తూ ఊరుకోవడం ఆమెకు పుట్టుకతోనే రాలేదు. తనను ఎలా చదవాలో ఫైలు తనే చెప్పుకుంటుంది కదా. ఏ గడిలో ఏముంది, దూరాలను ఎక్కడి నుంచి కొలిచారు, ఎంత కలపాలి, ఎంత తీసెయ్యాలి, అంతా స్కీమా అని పైనే రాసి ఉంటుంది. దాన్ని చదువుకుని అంకెలను తిరగరాసే ప్రోగ్రాం ఒకటి ఆమె సొంతంగా తయారుచేసుకుంది. దాన్ని తలచుకుంటే ఆమెకు కన్నబిడ్డను చూసినంత మురిపెం.

ఈ ఫైల్లోనూ స్కీమా ఉంది. చుక్కలను ఎటు, ఎంత జరిపారో అందులో శుభ్రంగా రాసి ఉంది. ప్రోగ్రాం నడిపింది. చుక్కలన్నీ బుద్ధిగా చెరువులోంచి లేచి, వీధుల్లోకి వెళ్లి ఇళ్ల మీద కూర్చున్నాయి.

సరిచూద్దామని ఒక చుక్క వివరం తెరిచింది. ‘స్త్రీ. ముప్పై దాటిన వయసు. కుడి మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. చెప్పుల్లేకుండా వచ్చింది, అరికాళ్ల పుండ్లకు మందు.’

మళ్లీ ఒకసారి చదివింది. అక్క.

తల్లి పోయాక తనను చంకనేసుకుని పెంచిన అక్క. మెట్ల మీద జారిపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్న అక్క. మతి చలించి, కాళ్లకు చెప్పులైనా లేకుండా ఇంట్లోంచి వెళ్లిపోయిందని బావ చెప్పినప్పటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు. ఇక బావ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్క చెప్పులు సంచిలో వేసుకుని, కాళ్లరిగేలా ఊరంతా తిరుగుతున్నాడు.

కబురు అందగానే బావ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు. తెర మీది చుక్కను వేలితో నిమిరాడు.

“ఇదేనా? ఖాయమేనా?”

“ఫైలే చెబుతోంది బావా.”

“ఆ ఇంటికి వెనక తలుపుందా?”

ఆమె మ్యాపును పెద్దది చేసి చూసింది. “వెనక సందుంది. తలుపు కూడా ఉండే ఉంటుంది. ఎందుకు?”

“నన్ను చూసి బెదిరి అటు పారిపోతే? తన మతిలో తను లేదు కదా, మరదలా.” అతను సంచిని గుండెలకు హత్తుకున్నాడు. “ముందే ఫోన్ గట్రా చెయ్యకు. నన్ను చేరనీ.”

అతను వెళ్తుంటే సంచిలోంచి చెప్పులు తొంగిచూశాయి. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ఆమె కళ్లొత్తుకుంది.

బావ చేరేదాకా ఆగాలనే అనుకుంది. ఉండబట్టలేకపోయింది. ఆ ఇంటి ఫోన్ నంబరూ ఫైల్లోనే ఉంది. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

“అలాంటివాళ్లు ఇక్కడెవరూ లేరమ్మా.”

“చిట్టి మాట్లాడుతోందని ఒక్క మాట చెప్పండి, చాలు.”

అవతల ఫోన్ పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత పరుగున వస్తున్న అడుగులు వినిపించాయి.

“చిట్టీ!”

మతి చలించిన గొంతులా లేదు. అక్క నవ్వింది, ఏడ్చింది, తిన్నావా అని అడిగింది. ఎవరొస్తున్నారో చెప్పుకో చూద్దాం అని చెల్లెలు ఊరించబోయింది. అంతలో అక్కడ కాలింగ్ బెల్ మోగింది.

“ఉండవే, మందులు వచ్చినట్టున్నాయి, తలుపు తీసొస్తా,” అంది అక్క, “నన్ను మెట్ల మీంచి తోసిన మీ బావకి మాత్రం నేనిక్కడున్నానని చెప్పకే.”