గ్యారంటీ

“ఈ శిక్షణ ముగిస్తే ఉద్యోగం వస్తుందా, టీచర్?” అని బాలసుబ్రమణియన్ తమిళంలో అడిగాడు.

పక్కనున్న కూతురు ఆర్తి తల వంచుకుంది. నాటకం చదివే ఆమెకు చెన్నైలో ఏడాది నటన శిక్షణకు సీటొచ్చింది. హాస్టలు ఫారం మీద తండ్రి సంతకం కావాలి. అందుకే ఆయన అరుప్పుకోట్టైలో మగ్గాలు ఆపుకుని విరుదునగర్ కాలేజీకి వచ్చాడు. ఉద్యోగం వస్తుందనే చెప్పమని ఆమె టీచర్‌ను నిన్ననే బతిమాలుకుంది.

సుధాలక్ష్మి టీచర్ కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకుంది. “రాదేమో సార్. పోయినేడు ఇద్దరు వెళ్లారు. ఒకమ్మాయి కోవిల్‌పట్టి బడిలో డాన్సు నేర్పుతోంది. ఇంకో అమ్మాయి ఇంట్లోనే ఉంది. మీ అమ్మాయికి మాత్రం నటన చేతనవుతుంది. నాకు తెలిసింది అంతే.”

ఇక అయిపోయిందనుకుంది ఆర్తి.

ఆయన ఫారం తన ముందుకు జరుపుకున్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, ఇంటి తెలుగులో “పేనా ఇయ్యి” అని పెన్ను కోసం చెయ్యి చాపాడు.

“పని దొరకదని చెప్తా ఉండారే నాయనా?”

“మీ అన్నను ఇంజినీరింగులో చేర్చేటప్పుడు అందరూ పని గ్యారంటీ అనే చెప్పినారు. వాడు మూడేండ్లుగా ఇంట్లోనే ఉండాడు. ఈయమ్మ ఒకతే ఉండేది ఉన్నట్టు చెప్పింది. అట్లాటామె నీకు చేతనవునని చెప్తే, అదీ నిజంగానే ఉండును.”

ఆయన సంతకం చోట తమిళ అక్షరాల్లో, మెల్లగా, పేరంతా రాశాడు.