ఖాళీ అని తేలిన వాటా

మా ఊళ్లో ప్రతి అద్దె ఇంటి గుమ్మం మీదా కార్పొరేషన్ వాళ్ల పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని మేం ‘చెవి’ అంటాం. ఇంట్లో గోల ఎక్కువైతే అదే మన అద్దె లైసెన్సు రద్దు చేస్తుంది. మనం సామాను సర్దుకోవాల్సిందే.

అందుకే లైసెన్సు గడువు దగ్గరపడగానే నా భార్య నూకాలు రోలు ముట్టడం మానేసింది. పిల్ల పట్టీలు తీసేసింది. నేను దిండులో మొహం పెట్టి తుమ్మాను.

గడువు రోజున చెవి పలికింది. “ఈ వాటాలో ఎవరూ నివసించడం లేదు. ఖాళీ ఇంటికి లైసెన్సు చెల్లదు.”

“మేం ఇక్కడే ఉన్నాం కదా!” అన్నాను.

“అద్దెకున్నవారి మాట చెల్లదు. ఇరుగుపొరుగు చెప్పాలి.”

నూకాలు సామాను సర్దడం మొదలెట్టింది. ఇంతలో కింది వాటా వరహాలమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. మేం చప్పుడు చేయకుండా ఉన్నది ఆవిడ ఫిర్యాదుకు భయపడే.

“ఎవులూ లేరా? మరి తెల్లారకుండా నా నెత్తి మీద పచ్చడి దంచీదెవులు? వీళ్ల ఎండుచేపల వాసనకి వీధిలో పిల్లులన్నీ నా గుమ్మంలోనే!” అని చెవి మీద విరుచుకుపడింది.

చెవి పలికింది. “పొరుగువారి అభ్యంతరం నమోదైంది. నివాసం రుజువైంది. లైసెన్సు మంజూరు.”

నూకాలు ఆవిడ చేతులు పట్టేసుకుంది. “ఇకనుంచి మెల్లగా దంచుతాను పిన్నీ.”

“మెల్లగా ఎందుకే? ఇన్నాళ్లూ సప్పుడు లేక నాకు మెలకువే రాలేదు. టీ తాగీసరికి పొద్దెక్కిపోతంది!”