వాకిట్లో తెల్లగుడ్డ

"సొంత అక్కను వదిలేసి పక్కింటివాళ్లను మోసుకొస్తావురా?"

కొండ మీద, అందరూ చూస్తుండగా, పడవలు బాగుచేసే మేస్త్రీ తన బావమరిది చొక్కా పట్టుకున్నాడు. కింద వాళ్ల వీధి లేదు. బురదనీళ్లలో ఇంటికప్పులు గుండ్రంగా తిరుగుతున్నాయి.

భూమి ఊగినప్పుడు మేస్త్రీ రేవులో ఉన్నాడు. చూస్తుండగానే సముద్రం వెనక్కి పోయి అడుగున రాళ్లు బయటపడ్డాయి. ఆ వింత చూస్తూ నిలబడొద్దని, ఇంటికి పరుగెత్తొద్దని, ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే కొండెక్కాలని సునామీ డ్రిల్లులో నూరిపోశారు. ఎక్కాడు. కాలు విరిగి మంచం పట్టిన భార్యను మోసుకొచ్చే పని బావమరిదిది. ఆ వీధిలో నడవలేనివాళ్లందరి బాధ్యతా అతనిదే. అల వచ్చేలోపు మోయగలిగేది మాత్రం ఒక్కరినే.

"వాకిలి గ్రిల్లుకు తెల్లగుడ్డ కట్టి ఉంది బావా. గుడ్డ కడితే ఇల్లు ఖాళీ అనే కదా? ఎవరో ముందే తీసుకెళ్లారనుకున్నా."

"పిలిచి చూడొచ్చుగా? నోరు పడిపోయిందా?"

"పిలిచాను. అక్కా, అక్కా అని అరిచాను. పలకలేదు."

"అబద్ధం. నీ గొంతు వింటే అది పలక్కుండా ఉండదు."

పక్కింటి బాలింత బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చుంది. బావమరిది మోసుకొచ్చింది ఆమెనే.

"పిలిచాడు, అన్నా. నేను విన్నాను."

"నువ్వు మాట్లాడకు. దాని వంతు నువ్వు తినేశావు."

ఎవరూ మేస్త్రీని తప్పుపట్టలేదు.

నీళ్లు వెనక్కి తీయడం మొదలైంది. మేస్త్రీ కిందికి దూకబోయాడు. నలుగురు కలిసి పట్టుకున్నారు.

"ఆగు మేస్త్రీ! మొదటి అలతో అయిపోదు. వెనక వచ్చేది ఇంకా పెద్దది కావొచ్చు."

"రానీండి! మనిషి లోపలుండగా గుడ్డ కట్టిన చెయ్యి ఎవరిదో నాకు తెలియాలి. ఆ చెయ్యి నరికితే గానీ నా కడుపుమంట చల్లారదు."

అప్పటిదాకా బావమరిదికీ తట్టలేదు.

"అందరూ గడియకు కట్టారు బావా. మనింటి గుడ్డ గ్రిల్లు అడుగు ఊచకు ఉంది. పాకుతూ వచ్చిన మనిషికి అంతవరకే అందుతుంది."