ఉత్తుత్తి లైను

"ఏ పనీ చేయని ఈ లైనెందుకు? చెత్త," అంటూ టీమ్ లీడ్ నా కోడ్‌లోంచి దాన్ని పీకేసి ఆసుపత్రి మందుల ప్రోగ్రాం నడిపాడు.

కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్, పిల్లల మోతాదు లెక్కగట్టే 'పిల్లల క్లాసు'ను వదిలేసి పెద్దల లెక్క ఉన్న 'పేరెంట్ క్లాసు'ను పిలిచింది. తెరమీద చంటిబిడ్డకు పెద్దవాళ్ల మందు మోతాదు పడింది.

"కంపైలర్‌లోనే బగ్ ఉంది సార్," అన్నాను పళ్లు బిగించి. "ముందు ఆ ఉత్తుత్తి లైనుంటేనే పిల్లల క్లాసు మాట దానికి వినబడేది."

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"పొద్దున మీటింగులో చెప్పాను."

"నాకు వినబడలేదే."

పక్క సీట్లోని టెస్టరక్క నావైపు వంగి గొణిగింది. "ఎలా వినబడుతుందమ్మా? ఇవాళ 'మీరన్నట్టే సార్' అని మొదలుపెట్టలేదుగా."

నా ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఈయన దగ్గర నా ప్రతి మాటకూ ముందు తగిలించిన ఉత్తుత్తి లైనది.

కోడ్‌లోది మళ్లీ పెట్టాను. నోట్లోది మాత్రం పీకేశాను.