భీముడు పడవెక్కనన్నాడు

పడవ మేడ మెట్లకు ఆనగానే గంగాధరరావు ముందుకు వంగి, "రారా నాన్నా" అని చేతులు చాచాడు. భీముడు రాలేదు. తోక ఒక్కసారి ఊపి, మళ్లీ నీళ్లవైపు తిరిగి కూర్చున్నాడు.

భీముడంటే గేదె దూడంత గ్రేట్ డేన్ కుక్క. రాత్రి వానకు సరూర్‌నగర్ చెరువు పొంగి, కింది కాలనీలో ఇళ్లన్నీ కిటికీల పైదాకా మునిగాయి. హయత్‌నగర్‌లో బంధువుల ఇంటికి వెళ్లిన గంగాధరరావు తెల్లవారాక వచ్చి చూస్తే తన వీధి వీధిలా లేదు. కుక్కను మెట్ల కింద గొలుసుతో కట్టేసి వెళ్లాడు. అది పోయే ఉంటుందని రోడ్డు మీద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంతలో దూరం నుంచి మొరుగు వినిపించింది.

పడవ కోసం అతను అడగని మనిషి లేడు. మనుషులకే దిక్కు లేదు, కుక్కకు పడవేమిటని అందరూ కసిరారు. చివరికి చెరువులో చేపలు పట్టే ఒకతన్ని బతిమాలి పడవ తెచ్చినవాడు గుండయ్య.

గుండయ్యది పక్కిల్లే. పోచంపల్లి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు పెట్టుకున్నాడు. రావుకూ అతనికీ ఏడాదిగా మాటల్లేవు. గుండయ్య కొడుకు మధు రావు ప్రహరీ మీద జై తెలంగాణ అని రాశాడు. మాటా మాటా పెరిగింది. రావు స్టేషన్‌కు వెళ్లి, కుర్రాడు తనను కొట్టాడని రాసిచ్చాడు. అది పచ్చి అబద్ధం. కానిస్టేబుల్ ఉద్యోగానికి అన్ని పరీక్షలూ గట్టెక్కిన మధు, కేసుందని అక్కడే ఆగిపోయాడు. సున్నం వేస్తే పోయే గోడ కోసం పెద్దమనిషి ఒక కుర్రాడి బతుక్కి మసి పూశాడు. మధు మాత్రం గోడ మీంచి భీముడికి మటన్ బొక్కలు వేయడం మానలేదు. కుక్కకేం తెలుసు ఆంధ్రా, తెలంగాణా అని నవ్వేవాడు.

గుండయ్య ఊరికే రాలేదు. కుక్కను బతికిస్తే రావు మనసు కరిగి కేసు వాపసు తీసుకుంటాడని ఆశ. రాత్రంతా కొట్లో చీరల మూటలు అటక ఎక్కిస్తూనే ఉన్నాడు. భార్య రాధమ్మను పొద్దున్నే ఎవరో రోడ్డు పక్క స్కూలు మేడకు చేర్చారని కబురందింది. ఇక మధు గురించి బెంగ లేదు. సకల జనుల సమ్మె మొదలయ్యాక వాడి పడక దీక్షా శిబిరంలోనే. ఫోను పలకకపోతే, కరెంటు లేదు కదా అని సరిపెట్టుకున్నాడు.

భీముడి మెడకు పట్టీ ఉంది, గొలుసు లేదు. ఎంత గట్టి గొలుసైనా తెంచుకుని వచ్చేశాడని రావు మురిసిపోయాడు.

పడవతను గెడ దింపి పడవను మెట్లకు అడ్డంగా ఆపాడు. "పైన గంత మేడున్నది. పొడి జాగ ఇడిచి గీ నీళ్లల్ల మూతి పెట్టి కూసున్నదేంది?" అన్నాడు.

"బయపడ్డది. జర ఆగు," అన్నాడు గుండయ్య.

ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు పడవలో వేసి నిలబడ్డాడు. కుక్క ముందు కాళ్లు రెండూ పడవలో పెట్టించేసరికి పడవ ఒరిగింది. భీముడు విదిలించుకుని మళ్లీ మెట్టెక్కాడు. బుజ్జగించారు, బిస్కెట్ చూపించారు, అదిలించారు. వాడు నీళ్లలోకి చూసి కుయ్యిమంటాడే తప్ప ఇటు తిరగడు. ఆఖరికి గుండయ్య మేడెక్కి, దండెం మీది దుప్పటి తెచ్చి కుక్క పొట్ట కిందుగా వేశాడు. చెరో కొసా పట్టుకుని ఎత్తారు. గోళ్లు మెట్టు మీద కర్రుమన్నాయి. గుండయ్య ముంజేయి నెత్తురైంది. ఇంత పెద్ద జీవికి ఇంత పిరికితనమా అని రావు సిగ్గుపడ్డాడు.

పడవ కదిలింది. భీముడు ఇంటివైపే ముఖం పెట్టి దారి పొడుగునా ఏడ్చాడు. ఇద్దరూ దుప్పటిని బిగించి పట్టుకున్నారు.

నెత్తురోడుతున్న ఆ చేతిని చూస్తూ రావు నెమ్మదిగా అన్నాడు. "గుండయ్యగారూ, నేను రాసిచ్చింది అబద్ధమండి. మీవాడు నా మీద చెయ్యెత్తలేదు. రేపే స్టేషన్‌కి వచ్చి ఆ మాట చెప్తాను."

గుండయ్య దుప్పటి వదలకుండానే ఇటు తిరిగాడు. "స్టేషన్ సంగతి తర్వాత సార్. ముందు మావోనికి చెప్పుండ్రి గా మాట. ఏడాది సంది లోపల్లోపల కుములుతున్నడు."

"చేతులు పట్టుకుని క్షమించమంటాను."

గుండయ్యకు ఏడుపాగలేదు. ఏడాది బరువు గుండె మీంచి దిగినట్టనిపించింది.

రోడ్డు దగ్గర పడవ ఆగింది. ఎక్కనన్న భీముడు ఇప్పుడు దిగనన్నాడు. ముందు కాళ్లు ఒడ్డున పెట్టించి, వెనక నుంచి దుప్పటితో ఎత్తి నెట్టారు. నేల తగిలిందో లేదో, తిరిగి నీళ్లలోకి దూకబోయాడు. రావు మెడ వాటేసుకుని ఆపాడు. చుట్టూ చేరిన జనం నవ్వారు.

ఆ జనంలోంచి రాధమ్మ చెప్పుల్లేని కాళ్లతో పరుగున వచ్చింది. గుండయ్య కళ్లు తుడుచుకుని ఎదురెళ్లాడు. సార్ కేసు తీసేయిస్తానన్నాడని, శిబిరానికి పోయి మధుకు చెప్పి వద్దామని గబగబా అన్నాడు.

ఆమె అతన్ని చూడలేదు. ఖాళీ పడవను చూసింది. తర్వాత కుక్కను చూసింది.

"కుక్క గొలుసు ఇప్పొస్తనని రాత్రి నీళ్లల్ల దిగింది వాడే."