ఇంకోసారి చెప్పండి

"ముందు ఆ ఫ్యాన్ ఆపండి," అంది భాష మేడమ్, కుర్చీ లాక్కుని సరిగ్గా ఎదురుగా కూర్చుంటూ.

ఇంజనీరుకి ఒళ్లు మండింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ ఆపేస్తే ముగ్గురూ ఉడికిపోతారు. అయినా పెద్దావిడ, పైగా యజమాని ఏరి కోరి పంపిన మనిషి. పళ్లు కొరుక్కుంటూ లేచి స్విచ్ నొక్కి వచ్చాడు.

వాళ్లు తయారుచేసేది వినికిడి యంత్రాలు. యంత్రం సంగతి ఇంజనీరుది, చెవుల సంగతి వాళ్ల బావది. బావ చెవి డాక్టరు. అక్క మొగుడు కూడా కావడంతో నోరు కాస్త ఎక్కువ. చెవి చూసి మనిషి జాతకం చెప్పేస్తానని విందుల్లో కూడా కోతలు కోస్తాడు. ఇద్దరూ రక్తం ధారపోసి చేసిన ఆ యంత్రాన్ని, కొన్నవాళ్లు నెల తిరిగేసరికి సొరుగులో పడేస్తున్నారు. ఎందుకని అడిగితే ఎవరూ సరిగా చెప్పరు. యంత్రంలో లోపం లేదంటాడు ఇంజనీరు. చెవుల్లోనూ లేదంటాడు బావ. ఇవాళ సాయంత్రం తాను వచ్చేసరికి కారణం తేల్చకపోతే విభాగం మూసేస్తానని యజమాని కబురు పెట్టాడు. రెండు ఇళ్ల పొయ్యిలూ వెలుగుతున్నది దాని మీదే.

భాషాశాస్త్రం చదివిన ఈవిడని పంపింది ఆ కారణం వెతకడానికే. మొదటిరోజే ఆవిడ, "ఈ యంత్రం గురించి నాదొక మాట," అని నోరు తెరిచింది. యంత్రం మేం చూసుకుంటాం, మీరు భాష చూడండి అని ఇంజనీరు అక్కడే అడ్డుకట్ట వేశాడు. అప్పటినుంచి ఆవిడ చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టింది. అదే అతని ప్రాణానికి వచ్చింది. ఏం చెప్పినా ఇంకోసారి చెప్పమంటుంది. చెప్పిందే చెబితే తల అడ్డంగా ఊపి, వేరే మాటల్లో చెప్పమంటుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే బడిలో పంతులమ్మలా చెయ్యెత్తి ఒక్కొక్కరుగా అంటుంది. బావకి నోటి దగ్గర పెన్ను ఆడించడం అలవాటు. అది కూడా తీసెయ్యమంది.

ఆవిడ మంచినీళ్లకని బయటికి వెళ్లగానే ఇంజనీరు తల పట్టుకున్నాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది బావా."

"ఒరేయ్, మన దుకాణంలో కూర్చుని ఆ సామెత అనకు. ఆవిడది చాదస్తం కాదురా, పద్ధతి. తెలివైనవాళ్లు అలాగే అడుగుతారు. మన తప్పు మన నోటితోనే చెప్పిస్తారు."

"నువ్వు మెచ్చుకో. పోయేది నా గొంతు."

ఆవిడ తిరిగొచ్చి మళ్లీ ఎదురుగా కూర్చుంది. యంత్రాన్ని అన్ని విధాలా పరీక్షించామని ఇంజనీరు చెప్పాడు. ఇంకోసారి అంది. పరీక్షలో ప్రతి మాటా స్పష్టంగా వినిపించిందన్నాడు. వేరే మాటల్లో అంది. దాంతో అతని ఓపిక నశించింది.

"ఇంకెలా చెప్పమంటారండీ? మనిషిని గదిలో కూర్చోబెట్టాం. తలుపులు బిగించాం. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఒక్కరే ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా నిదానంగా..."

తన గొంతు తనకే వినబడి ఆగిపోయాడు.

"మీ ఇంట్లో అలాంటి గది ఉందా?" అని అడిగింది ఆవిడ, మెల్లగా.

ఇంజనీరుకి తన ఇల్లు కళ్లముందు కదిలింది. కుక్కర్ కూతలు, టీవీ, పిల్లల పోట్లాట, వీటన్నిటి మీద గిర్రున తిరిగే ఫ్యాను. బావ మొహంలోనూ రంగు మారింది.

"ఇళ్లల్లో ఎలా పనిచేస్తుందో నువ్వు చూశావనుకున్నాన్రా."

"చెవుల సంగతి నీది కదా. నువ్వు చూశావని నేననుకున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల యంత్రం మాటని ఎంత పెంచుతుందో ఫ్యాన్ రొదనీ అంతే పెంచుతోంది. ఆ హోరులో మాట కొట్టుకుపోతోంది. అలాంటిదాన్ని సొరుగులో పెట్టక నెత్తిన పెట్టుకుంటారా?

సాయంత్రం యజమాని వచ్చి అంతా విన్నాడు. మూసేసే మాట ఎత్తలేదు. ఈసారి గదిలో కాదు, కొంపల్లో పరీక్షించండి అని చురక వేసి వెళ్లిపోయాడు.

ఇంజనీరుకి పోయిన ప్రాణం లేచివచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి, పొద్దుటినుంచీ ఆగి ఉన్న ఫ్యాన్ పూర్తి వేగంలో పెట్టాడు. చల్లగాలి తగలగానే ఆవిడ మీద గౌరవం కూడా పుట్టుకొచ్చింది. అక్కడినుంచే, ఇన్నాళ్లలో మొదటిసారి, ఆవిడని ఒక ప్రశ్న అడిగాడు.

"ఇంతకీ ఈ కిటుకు మీకెలా తట్టింది మేడమ్?"

"ఇంకోసారి చెప్పండి," అంది ఆవిడ.

బావాబావమరుదులు పగలబడి నవ్వారు. పని అయిపోయింది కదండీ, ఇక ఆ పద్ధతి వదిలెయ్యండి అన్నాడు బావ. ఆవిడ నవ్వలేదు. తిరుగుతున్న ఫ్యాన్ వైపు ఒకసారి, ఇంజనీరు పెదవుల వైపు ఒకసారి చూసింది. తరవాత చెవుల మీదికి పడే జుట్టుని రెండు చేతులా వెనక్కి తీసి ముడివేసుకుంది.

ఆవిడ చెవిలో వాళ్ల యంత్రమే ఉంది.